సూడి మేకలు ఎక్కిన గుట్ట

మేకల వెనకాల తిరిగి అవి ఏం తింటున్నాయో రాసే ఉద్యోగం కూడా ఒకటుంటుందంటే మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ నమ్మరు. "నిజంగనే గా పనికి జీతమిచ్చేటోళ్లా?" అని నవ్వుతారు. ఇచ్చేవాళ్లు. ఇప్పుడు పింఛను కూడా ఇస్తున్నారు. నేను చెప్పబోయేదంతా విన్నాక, ఆ పింఛను నీకెందుకయ్యా అని మీరు అడిగినా అడుగుతారు.

ఈ మధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికొచ్చి, "సార్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. అనుభవాలంటే ఏవో ఘనకార్యాలు ఉంటాయనుకున్నారు పాపం. ముప్పై ఏళ్లు పశువుల శాఖలో తిరిగిన నాకు, కళ్లు మూసుకుంటే గుర్తొచ్చేది ఒక్క ఎండాకాలమే. అదే రాస్తున్నాను. చదివి తిట్టుకున్నా పరవాలేదు, మధ్యలో మాత్రం ఆపకండి.

నా సర్వీసు ఇంకో నాలుగేళ్లుందనగా మా ఆఫీసుకు ఒక పథకం వచ్చింది. మెట్ట బీళ్లలో మేసే మేక, కడుపుతో ఉన్నప్పుడు ఏ చెట్టును ఎంచుకుంటుంది, ఏది వదిలేస్తుంది అన్నది తేల్చాలి. పథకం చూసే డాక్టరమ్మ కోస్తా మనిషి. మెల్లగా, మర్యాదగా మాట్లాడేది. మేమంతా మేడమ్ అనేవాళ్లం. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"చూడండి, కడుపులో పిల్లలు పెరిగేకొద్దీ మేక పొట్టలో మేతకి చోటు తగ్గిపోతుందండి. తక్కువ తిని ఎక్కువ బలం తెచ్చుకోవాలి. ఆ సంగతి దానికి తెలుసు. మనకే తెలియదు. అందుకని మీరు దాని వెనకాలే ఉండాలి. అది ఒక్కసారి కొరికి తింటే, దాన్ని ఒక నోరు అనుకోండి, మీ పుస్తకంలో ఒక్క గీత పడాలి. ఏ చెట్టు, ఎక్కడ, ఎన్ని నోళ్లు. అంతేనండి."

అంతే. చెప్పడానికి ఎంత సులువో చూడండి.

నాకు ఇచ్చిన మంద ఎయిర్‌పోర్టు దారిలో సాతంరాయి అవతల ఒక ఊళ్లో ఉండేది. మంద యజమాని ఒక ఆడమనిషి, అరవైకి దగ్గర పడ్డది. భర్త లేడు. పొలాలు ఎప్పుడో పోయాయి. కొడుకు ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడిపేవాడు, మేకలను తీసేయమని రోజూ తల్లితో పంచాయితీ. ఆమె పేరున ఈ భూమ్మీద మిగిలినవి ఆ మేకలే. అందులో పద్నాలుగు ఆ ఏడాది సూడి కట్టాయి. నేను వెళ్లిన మొదటి రోజే ఆమె నాకు చెప్పేసింది.

"కొడుకుతోని ఒప్పందమైంది సారు. ఈ ఈతకు మంద పెరిగితే ఉంచుకుంట. లేకుంటే ఇగ ఇడిసిపెట్టి, వాడు జెప్పిన కాడ పనికి పోత. ఊకె కూసొని తినుడు నాకు రాదు."

మొదట్లో నన్ను సారు అనేది. వారం తిరిగేసరికి తమ్మీ అయ్యాను. ఆమె నాకు అక్క అయింది. తను తెచ్చుకున్న సద్దిలో సగం నాకు పెట్టేది. జొన్నరొట్టె, పచ్చికారం, ఉల్లిగడ్డ. రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది, అది కూడా ఒక శిక్షే అనుకోండి.

మొదటి నెలన్నర నేను నిజంగా పని చేశాను. ఈ మాట ఎవరైనా నమ్మితే బాగుండునని ఇవాళ్టికీ అనిపిస్తుంది. నా లెక్కకు గుర్తు పెట్టిన మేకల్లో ఒకటి నల్లది, నుదుట తెల్ల చుక్క. అక్క దాన్ని సుక్క అని పిలిచేది. నాలుగడుగుల దూరంలో నిలబడి దాని మూతినే చూసేవాణ్ణి. అబ్బా, ఏం మూతి అది! రేగుకంపలో ముళ్ల మధ్యకు పెదవులు దూర్చి, ముదురాకు పక్కకు నెట్టి, లేత కొసను మాత్రం తుంచుకునేది. నాలుగు నోళ్లు తిని ఇంకో చెట్టుకు పోయేది. గడ్డి కనిపిస్తే గడ్డి, తుమ్మ మండ అందితే తుమ్మాకు. నెత్తిమీద విమానం గర్జించుకుంటూ దిగిపోతున్నా తల ఎత్తేది కాదు. నేనే ఎత్తేవాణ్ణి, ఎత్తినందుకు రెండు గీతలు తప్పిపోయేవి.

ఎండలు ముదిరాయి. అక్కడికి కొంచెం అవతల ఒక రాళ్లగుట్ట ఉంది. పేరుకు గుట్టే కానీ, మోకాళ్లు అరిగిన నాలాంటి వాడికి అది కొండే. మేకలు నెమ్మదిగా ఆ గుట్ట వైపు మళ్లడం మొదలుపెట్టాయి. రెండు రోజులు ఎక్కాను. రెండో రోజు దిగేటప్పుడు కాలు జారి కూలబడ్డాను. మూడో రోజు ఎక్కలేదు.

నాతోపాటు ఇదే పనికి వేసిన ఇంకో మనిషి ఉండేవాడు. నాకంటే చిన్న. తుక్కుగూడ వైపు మంద అతనిది. సాతంరాయిలో రోడ్డు పక్కన ఒక చాయ్ హోటల్ ఉంది, పొద్దున బస్సు దిగి ఇద్దరం అక్కడ కలిసేవాళ్లం. నా కుంటి నడక చూసి అతను నవ్వాడు.

"ఏందన్నా, మేకలతోని పోటీ పెట్టుకున్నవా? కూసో జర. పోయిన నెలది ముంగటేసుకొని అటు రెండు ఇటు రెండు మార్చి రాసుకో. నువ్వు రాసింది మేక సదువుతదా, మేడమ్ వచ్చి గుట్టెక్కుతదా?"

నేను కూడా నవ్వాను. మేక మేకే, గడ్డి గడ్డే, ఈ నెలలో కొత్తగా ఏం తింటుంది అనుకున్నాను. ఆ రోజు అక్కడే కూర్చుని ఒక పేజీ నింపాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఫ్యాను కింద, చాయ్ తాగుతూ, గడ్డి ఇరవై మూడు, తుమ్మాకు పదకొండు. పదులు, ఇరవైలు వేస్తే అనుమానం వస్తుందని కావాలనే వంకర అంకెలు వేసేవాణ్ణి. చూశారా, బద్ధకానికి కూడా ఎంత తెలివి ఉంటుందో.

వారానికి ఒక రోజు మొక్కుబడిగా ఊరికి వెళ్లేవాణ్ణి. అలా వెళ్లినప్పుడు ఒకసారి అక్క నన్ను పట్టుకుంది.

"తమ్మీ, రాకనే పోతివి. సూడాల్సింది ఇప్పుడే. కడుపు కిందికి జారినంక ఇవి కింద గడ్డి మొకం గూడ సూస్తలేవు. పొద్దుగాల మందను ఇడిసుడే ఆలస్యం, సీదా గుట్టెక్కుతున్నయి. ఆడ బలుసు సిగురేసింది. తిప్పతీగ ఉన్నది. తుమ్మకాయ రాలింది. గవ్వే ఏరుకుంటున్నయి, ఒక్కొక్క బుక్క. సుక్క అయితే ముంగటి కాళ్లు రాయి మీద పెట్టి నిలవడ్తది, కడుపు గంత బరువున్నా. నువ్వు జర రాసుకో."

"రాస్తా అక్కా" అన్నాను.

మేడమ్ వెతుకుతున్న సమాధానం మొత్తం ఆ నాలుగు మాటల్లో ఉంది. పెద్ద పెద్ద వాళ్లు కూర్చుని పథకం రాసింది ఆ నాలుగు మాటల కోసమే. నేను మర్నాడు చాయ్ హోటల్‌కు వెళ్లి గడ్డి పంతొమ్మిది అని రాశాను. రేపు ఎక్కుదాం, ఎల్లుండి ఎక్కుదాం అనుకున్నాను. సోమరితనమనే ముక్క నాకు నేను ఎప్పుడూ చెప్పుకోలేదు, మోకాళ్లు అని చెప్పుకున్నాను.

మేకలు ఈనడానికి ఇంకా నెలన్నర ఉందనగా ఆ గుట్ట చుట్టూ కంచె కడీలు పాతడానికి మనుషులు వచ్చారు. గుట్టను, కిందున్న బీడును కలిపి ప్లాట్లు వేస్తారట. అక్క పరుగున మండల ఆఫీసుకు వెళ్లింది. గుట్ట తనదని అనలేదు, ఆపమనీ అనలేదు. మేకలు ఈనేదాకా ఆగమని అడిగింది. వాళ్లేమన్నా రాక్షసులా? కాదు. అధికారి ఒకాయన చూస్తానన్నాడు. ప్లాట్ల వాళ్ల మేనేజరు కూడా, "డాక్టరమ్మ చెప్తే నలభై దినాలు ఆగుతం, మాకేం పోతది" అన్నాడు. అందరూ ఒక పొద్దున గుట్ట కింద కలుద్దామనుకున్నారు. మేడమ్ నన్ను కూడా రమ్మంది, పుస్తకం తెమ్మంది.

ఆ పొద్దున ఆరాంఘర్‌లో బస్సు ఎక్కాను. భుజాన సంచీలోని పుస్తకం ఇటుకరాయంత బరువనిపించింది.

అక్క ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నన్ను చూడగానే ఆమె ముఖం విప్పారింది. అధికారి, "ఈ మేకలు గుట్ట మీదనే మేస్తయని ఆధారమేంది?" అని అడిగాడో లేదో, నా వైపు చెయ్యి చూపించింది.

"గిదో, మా తమ్ముడు. గీయనే రాసిండు. దినాం ఏ సెట్టు కాడ ఎన్ని బుక్కలు తిన్నదో లెక్కగట్టి రాసిండు. నా నోటి మాట మీరు నమ్మకుర్రి. పుస్తకం సూడుర్రి."

మేడమ్ పుస్తకం తీసుకుంది. పేజీలు తిప్పింది. ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కు తిప్పింది. ఆమె ముఖంలో మేలు చేద్దామన్న ఆత్రం ఉంది, అది మెల్లగా తగ్గడం నేను చూశాను.

"గుట్ట మీద రెండంటే రెండే రోజుల నమోదు ఉందండి. ఆ తర్వాత నెలంతా కింద గడ్డే కనిపిస్తోంది" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఏవండీ, మీరే కదా రాసింది? ఇది సరిగ్గానే ఉందా?"

సరిగ్గా అప్పుడే నెత్తిమీదుగా ఒక విమానం దిగుతోంది. ఆ చప్పుడు తగ్గేదాకా అందరూ ఆగారు. నాకు ఆ కాస్త సమయం దొరికింది. మెమో, విచారణ, ఆగిపోయే పింఛను, ఇంట్లో వాళ్ల ముందు చెల్లని ముఖం, అన్నీ ఆ కొద్దిసేపట్లోనే కళ్ల ముందు తిరిగాయి. అక్క నాకు పెట్టిన రొట్టె ఒక్కటే తిరగలేదు.

"సరిగ్గానే ఉంది మేడమ్" అన్నాను.

అక్క అరవలేదు. తిట్టలేదు. "తమ్మీ, నీకు జెప్పిన గద" అంది, అంతే. 

తర్వాత జరిగినవన్నీ నా పుస్తకం ప్రకారమే జరిగాయి. మేకలు గడ్డే తింటున్నాయి కాబట్టి గుట్ట పోతే నష్టం లేదన్నారు. బయట బీడు కూడా పోయింది కాబట్టి కొట్టంలోనే కట్టి మేపుకోవచ్చు, మా ఫారం నుంచి గడ్డి పంపుతామని మేడమ్ మాటిచ్చింది, పంపింది కూడా. మేడమ్ తప్పు ఇందులో ఇసుమంత లేదు. నన్ను నమ్మింది, అదొక్కటే ఆమె చేసిన పొరపాటు.

కొట్టంలో గడ్డి మోపులు మోపులుగా పడేవి. మేకలు కాసేపు తిని, గుట్ట వైపున్న రేకుల దగ్గరకు పోయి వరసగా నిలబడేవి. అక్క దోటి పట్టుకుని రోడ్ల వెంట తిరిగి వేపమండలు, ఏవి దొరికితే అవి కోసుకొచ్చేది. ఏరుకుని తినే జీవికి మనం ఏరి పెడితే సరిపోతుందా? పొట్టలు నిండేవి, బలం చాలేది కాదు. కడుపులో కవలలున్న మేకకు అలా బలం చాలకపోతే అది తన ఒంట్లో కొవ్వును కరిగించుకుంటుంది. అది హద్దు దాటితే రక్తమే విషమవుతుంది. ఈ సంగతి నేను ట్రైనింగులో నేర్చుకున్నదే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.

మొదట పడిపోయింది సుక్క. కబురు తెలిసి మేడమ్, నేను జీపులో వెళ్లాం. పళ్లు కొరుకుతూ, తలను గోడకు ఆనించి పడుకుని ఉంది. దగ్గరికి వంగితే ఊపిరి తియ్యగా వాసన కొట్టింది. మేడమ్ గ్లూకోజు ఎక్కించింది. అక్క దాని తల ఒళ్లో పెట్టుకుని వెదురుగొట్టంతో బెల్లం నీళ్లు పోసింది, అవి పక్కనుంచి కారిపోయాయి. "తాగు బిడ్డా, జర తాగు" అంటూనే ఉంది. మిట్టమధ్యాహ్నానికి ప్రాణం పోయింది. మేడమ్ కడుపు కోసి చూసింది. పిల్లలు రెండు, వెంట్రుకలు కూడా వచ్చేశాయి. ఒకదానికి నుదుట చుక్క ఉంది.

"రెండుండె సారు" అంది అక్క.

ఆ రోజు నుంచి నేను మళ్లీ సారునే.

పదిహేను రోజుల్లో తొమ్మిది మేకలు పోయాయి. ఈనిన అయిదింటికి పాలు లేవు, పిల్లలు నిలబడలేదు. మిగిలినవాటిని కొడుకు ఎవరికో అప్పజెప్పేశాడు. ఒప్పందం ప్రకారం అక్క ఎయిర్‌పోర్టు దారిలో ఒక హోటల్లో గిన్నెలు తోమే పనికి కుదిరింది.

తుక్కుగూడ మంద చూసే నా స్నేహితుడితో ఒకసారి కడుపులో మాట కక్కేశాను. అతను గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, నువ్వొక్కనివే రాసినవా? నేను గూడ రాసిన. నా దిక్కు గుట్ట లేకుండె, బతికిపోయిన" అన్నాడు. మేమిద్దరం తర్వాత ఆ హోటల్లో చాయ్ తాగలేదు.

పథకం రిపోర్టు అచ్చయింది. సూడి మేక చివరి నెలల్లోనూ ఎక్కువగా గడ్డే తింటుందని అందులో రాశారు. చివర, శ్రద్ధగా వివరాలు సేకరించిన క్షేత్ర సహాయకులకు కృతజ్ఞతలు అని కూడా ఉంది. అది ఎక్కడో బీరువాలో ఉండే ఉంటుంది. ఏ రోజైనా ఎవరైనా తీసి చదివి, ఇంకో ఊళ్లో ఇంకో మందను గడ్డి వేసి కట్టేస్తారేమోనని నాకు భయం. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మేడమ్‌కు మాత్రం చెప్పలేదు. చెప్పాలని రెండుసార్లు ఫోను తీసి, క్షేమసమాచారాలు అడిగి పెట్టేశాను. ఆమె దీన్ని చదివితే, అమ్మా, క్షమించమని అడిగే అర్హత కూడా నాకు లేదు.

కొత్త పిల్లలారా, మీ మోకాళ్లు ఇంకా బాగున్నాయి. నేను ఇంతకంటే ఏమీ చెప్పలేను. ఒక్క సంగతి మాత్రం మిగిలింది, అది చెప్పి ముగిస్తాను.

పథకం మూసేటప్పుడు ప్రతి పుస్తకం చివరి పేజీలో మంద యజమాని వేలిముద్ర ఉండాలన్నారు. శుద్ధప్రతి అప్పటికే పైకి వెళ్లిపోయింది, ఇది వట్టి తంతు. అయినా వెళ్లాను. అక్క పనికి పోవడానికి తయారవుతోంది. కొట్టం ఊడ్చి శుభ్రంగా ఉంది, ఖాళీగా ఉంది. సిరా డబ్బా తెరిచి పుస్తకం ముందు పెట్టాను. ఆమె వేలు ముంచలేదు.

"ముద్ర ఏస్త గానీ సారు, ఒక్క దినంది సదువు. నాకు సదువు రాకపాయె. ఎల్లమ్మ పండుగ నాటిది సదువు."

పుస్తకం నా వైపు తిప్పుకున్నాను. ఆ తేదీ వెతికి చదివాను. "సుక్క. గడ్డి ఇరవై ఏడు. తుమ్మాకు తొమ్మిది. గడ్డి మళ్లీ పదమూడు."

ఆమె సిరా డబ్బాను పక్కకు జరిపింది.

"పండుగ నాడు మందను ఇప్పలే సారు. బోనమెత్తుకొని పోయిన గద. మందంత కొట్టంల్నే ఉన్నది. పోయేటప్పుడు రోడ్డు మీదికెల్లి సూసిన, నువ్వు చాయ్ హోటల్ల కూసొని రాస్తున్నవ్. తలకాయ గూడ ఎత్తకుండ రాస్తున్నవ్. నా పక్కపొంటి వస్తున్నోళ్లకు సూపెట్టిన. అగో, మా తమ్ముడు, పండుగనాడు గూడ మా మేకల ముచ్చటే రాస్తుండు అని. మస్తు సంబరపడ్డ సారు."

 ఏదో ఒకటి చెయ్యాలనిపించి జేబులోంచి పెన్ను తీశాను. ఆ పేజీలో గీతలన్నీ అడ్డంగా కొట్టేసి, కింద 'మంద బయటకు రాలేదు' అని రాశాను. ఆ నెల మొత్తంలో నేను రాసిన నిజం అదొక్కటే.

"ఏం రాసినవ్?" అని అడిగింది.

చదివి వినిపించాను.

"ఇప్పుడా సారు?" అంది అక్క.